ఒకటో నంబరు మీట

తెల్లవారగానే తెక్లా చేసే మొదటి పని వంటింటి కిటికీ దగ్గరే. అంట్లు తోమే తొట్టి ముందు నిలబడి, అద్దం మీద పేరుకున్న మంచుపొరకి బొటనవేలు ఆనించి, బొత్తామంత కన్నం కరిగేదాకా అదిమిపెట్టేది. ఆ కన్నంలోంచి చూస్తే వాకిలికి అవతల, షెడ్డు కిటికీలో, చిన్న పచ్చ దీపం కనపడేది. కనపడిందా, ఇక కాఫీ పెట్టుకునేది. కాఫీ అయ్యాక మళ్ళీ ఒకసారి చూసుకునేది. మొదటిసారి చూసింది నిజంగా దీపమో, తన కంటి పొరో అని అనుమానం.

ఆ దీపం బ్యాటరీ చార్జరుది. చార్జరు తీగలు షెడ్డులో గుడ్డ కప్పుకుని నిద్రపోతున్న కారులోకి వెళ్తాయి. కారు ఆమె భర్త మెత్రోది. మెత్రో పోయి రెండున్నర నెలలైంది.

మెత్రో హ్లాడున్ నలభయ్యేళ్ళు గోధుమ పండించాడు. అరవై ఒకటో ఏట భూమి కౌలుకిచ్చేసి, ఆ వారంలోనే సస్కటూన్ పట్నం వెళ్ళి, పసుపుపచ్చ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. కొత్తది కాదు, అయినా కొత్తదానిలా నిగనిగలాడేది. మెత్రో ఆరడుగుల మూడంగుళాల మనిషి. నేలకి ఆనినట్టుండే ఆ బండిలోకి దిగాలంటే మడతకుర్చీలా మడుచుకోవాల్సి వచ్చేది. చర్చికొచ్చేవాళ్ళంతా ఆ కారుకి గుడ్డుసొన అని పేరు పెట్టారు. "ఏం తెక్లా అక్కా, మీ ఆయన గుడ్డుసొన ఇవాళ చితికిందా, గట్టిగానే ఉందా?" అని తోటికోడలు పావ్లినా ప్రతి ఆదివారం అడిగేది. మెత్రో కోప్పడేవాడు కాదు. "నీ మొగుడి ట్రాక్టరు పెంకు కంటే నయమేలే," అనేవాడు.

కొన్నరోజు తెక్లాని పక్కన కూచోబెట్టుకుని, గేరు కర్ర పక్కనున్న మీటలు చూపించాడు.

"ఇదిగో, ఒకటి నొక్కితే నా సీటు. నా కాళ్ళ పొడుగు, నా నడుం వంపు, అద్దాలు ఎటు తిరగాలో అన్నీ దీనికి గుర్తే. ఇన్నేళ్ళ కాపురంలో నువ్వు నా చొక్కా కొలత ఒక్కసారి సరిగ్గా చెప్పలేదు."

"ఏటేటా నీ పొట్ట పెరుగుతుంటే నేనేం చెప్పను? మరి రెండో నంబరు ఎవరికి?"

"నీకే. దీన్నీ నేర్చుకో, నడుపుదువుగాని."

"నేల మీద చతికిలబడి నడిపే బండి నాకొద్దు బాబూ."

రెండో నంబరు ఖాళీగానే ఉండిపోయింది.

ఆ బండికి అయిదు నెలలు రోడ్డు, ఏడు నెలలు నిద్ర. చలి మొదలయ్యే ముందు మెత్రో దాన్ని కడిగి తుడిచి, చక్రాల కింద చెక్కలు వేసి, పొగ గొట్టంలో ఎలుకలు దూరకుండా ఇనుప పీచు కుక్కి, చివరికి చార్జరు తగిలించేవాడు. తెక్లాకి అన్నిటికంటే ఆ బ్యాటరీ గొడవే ఎక్కువ భయం. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీని నలభై డిగ్రీల చలి కూడా ఏమీ చెయ్యలేదు. ఖాళీ అయిందంటే మాత్రం లోపలి నీరు గడ్డకట్టి, ఉబ్బి, పెట్టెని చీల్చేస్తుంది. "దీనికి తిండి పెట్టినన్నాళ్ళూ చలెయ్యదే," అనేవాడు మెత్రో. "నీలాగ కాదు, నువ్వు తిన్నా వణుకుతావు."

అక్టోబరు మూడోవారంలో ఒక వెచ్చని మధ్యాహ్నం మెత్రో కారు తీసుకుని ఊళ్ళోకి వెళ్ళి, రొట్టె, మేకులు కొనుక్కుని వచ్చాడు. వాకిట్లో కారు ఆపి, మెట్ల దాకా నడిచొచ్చి, మెట్టు మీద కూచున్నాడు. బూట్లు విప్పుకుంటున్నాడనుకుంది తెక్లా. కాసేపటికి తలుపు తీసి చూస్తే, ఒక బూటు విప్పి ఉంది. రెండోది విప్పలేదు.

సమాధి అయ్యాక మూడోరోజుకి ఆకాశం మారిపోయింది. మెత్రో తమ్ముడు వాసిల్ వచ్చి, మంచు పడకముందే కారుని షెడ్డులో పెట్టేస్తానన్నాడు. చక్రాల కింద చెక్కలు, గొట్టంలో ఇనుప పీచు, చార్జరు, అన్నీ అన్న చేసినట్టే చేశాడు. తప్పేం లేదు. కానీ వాసిల్ పొట్టివాడు. అన్నకి భుజం దాకా కూడా రాడు. కాళ్ళు అందక సీటుని ముందుకి, ఇంకా ముందుకి జరుపుకుని నడిపాడు. ఆ సాయంత్రం తెక్లా షెడ్డులోకి వెళ్ళి చూసేసరికి, మెత్రో కూచున్న చోటు లేదు. సీటు స్టీరింగుకి అతుక్కుని, ఎవరో పిల్లాడి కోసమన్నట్టు నిలబడి ఉంది. అన్నాళ్ళూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఏడుస్తూనే పక్క సీట్లో కూచుని, తాళం తిప్పి, ఒకటో నంబరు మీట నొక్కింది.

సన్నగా, దోమ పాడినట్టు మోటారు మోగింది. సీటు వెనక్కి కదిలింది. తొందరేం లేనట్టు, పొడుగు కాళ్ళ మనిషికి దారిస్తున్నట్టు వెనక్కి వెళ్ళి, వీపు కాస్త వాల్చి, ఆగింది. బయట అద్దాలు రెండూ తల తిప్పినట్టు తిరిగాయి. తెక్లా కళ్ళు మూసుకుంది. పక్కన మెత్రో సర్దుకుని కూచున్నట్టే ఉంది. ఇప్పుడో ఇప్పుడో "ఊఁ, ఎటు పోదాం?" అంటాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం, చర్చి నుంచి వచ్చి కోటు విప్పకుండానే షెడ్డుకి వెళ్ళేది. మీట నొక్కి, కళ్ళు మూసుకుని, ఆ చప్పుడు వినేది. కాసేపు కూచునేది. వారం కబుర్లు చెప్పేది. లేచి వచ్చేముందు, చెయ్యి చాపి పక్క మీటతో సీటుని మళ్ళీ ముందుకి, స్టీరింగు దాకా తోసేసేది. వచ్చే ఆదివారం మెత్రో రావాలంటే, ఈ ఆదివారం వెళ్ళాలి కదా. వెనకే ఉంచేస్తే ఊరికే సీటు. కదిలి వస్తేనే మెత్రో. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. చెబితే పావ్లినా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చదువుతుంది.

కారు పుస్తకం బల్ల మీదే ఉండేది. భూతద్దం పట్టుకుని చదివిన పేజీలే మళ్ళీ మళ్ళీ చదివింది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే గడియారం, రేడియో, సీటు గుర్తులు చెరిగిపోతాయని అందులో ఒక చిన్న పెట్టెలో రాసి ఉంది. ఆ వాక్యం చదివిన రోజు నుంచే కిటికీ దగ్గరి కాపలా మొదలైంది. మెత్రో బట్టలు చర్చికి ఇచ్చేసింది. వాసన కూడా పోయింది. అతని ఒంటి కొలత ఇంకా గుర్తున్నది ఆ కారు ఒక్కదానికే.

జనవరి ఆరున, పాత పంచాంగం ప్రకారం క్రిస్మస్ ముందురాత్రి, పవిత్ర భోజనం. ఇంట్లో ఎవరు పోయినా ఆ రాత్రి పొయ్యి ఆరకూడదు. పన్నెండు రకాలు చెయ్యాలి, మాంసం, పాలు లేకుండా. తెక్లా రెండురోజుల ముందు నుంచే కుత్యా అనే తేనె వంటకానికి గోధుమలు నానబెట్టింది. గసగసాలు నూరింది, క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టింది. పోయినవాళ్ళ కోసం వేసే ఖాళీ కంచం ఈసారి మెత్రోది. చెంచా తెక్లా చేతిలోనే ఉండిపోతే, పావ్లినా అందుకుని పెట్టింది.

ఆ రోజు చలి మైనస్ ముప్ఫై ఎనిమిది. ఆ చలిలో, బండి ముక్కులోంచి వేలాడే హీటరు ప్లగ్గుని కరెంటుకి తగిలించకపోతే, భోజనం ముగిసేసరికి ఇంజను రాయైపోతుంది. అందుకే ఎవరింటికెళ్ళినా ప్లగ్గు కనపడితే తగిలించేస్తారు, అడగరు. మంచినీళ్ళు తాగొచ్చా అని అడుగుతారా ఎవరైనా? మెత్రో బతికుండగా ఏటా ఆ సాయంత్రం వాకిట్లో లాంతరు పట్టుకుని నిలబడేవాడు. "షెడ్డు స్తంభానికి ఒక్క బండే! రెండోది పెట్టారో లైను పోతుంది, నా గుడ్డుసొన చస్తుంది! మిగతావాళ్ళు ఇంటి గోడకి పొండి!" అని అరిచేవాడు. అందరూ నవ్వుతూనే వినేవాళ్ళు.

ఈసారి వాకిట్లో ఎవరూ లేరు. తెక్లా పొయ్యి దగ్గరుంది.

భోజనాలయ్యాయి, కీర్తనలు పాడారు. బళ్ళన్నీ కదిలాయి. మూడు గంటల వేడి చాలు వాటికి. మర్నాడు తెల్లవారుజామున గాలి మొదలైంది. మంచుగాలి నాలుగురోజులు ఆగకుండా వీచింది. ఇంటి కిటికీలు, షెడ్డు కిటికీ అన్నీ తెల్లటి గోడలైపోయాయి. తెక్లాకి దగ్గు పట్టింది, జ్వరం వచ్చింది. బొటనవేలితో కన్నం చేసి చూసినా అవతల తెలుపే. దీపం కనపడలేదు.

"షెడ్డు దాకా వెళ్ళొస్తాను వాసిల్," అంది ఫోనులో, దగ్గుతూ.

"నడుం లోతు మంచులో ఎటెళ్తావు వదినా? పడితే ఎవరు చూస్తారు? గోధుమ కోతల దాకా దొరకవు."

"దీపం కనపడట్లేదు."

"కిటికీకి మంచు అంటుకుంటే దీపమేం కనపడుతుంది? కారు ఎక్కడికీ పోదులే. నువ్వు మందేసుకుని పడుకో. జోర్డాను పండగకి దారి చేసుకుని వస్తాను."

అతని మాటే నిజమనుకోవాలని తెక్లా చాలా ప్రయత్నించింది. రోజుకి పదిసార్లు అనుకుంది. పదకొండోసారి మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళేది.

నీళ్ళు మంత్రించే జోర్డాను పండగ పంతొమ్మిదో తారీకు. భోజనం రాత్రి నుంచి లెక్కపెడితే పదమూడు రోజులు. పొద్దున్నే వాసిల్ ట్రాక్టరుతో వాకిలంతా చీల్చి, షెడ్డు తలుపు దాకా దారి తవ్వాడు. ఫాదర్ మంత్రించిన నీళ్ళు సీసాలో తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"పావ్లినా సూప్ పంపింది. ముందు అది తాగు. నా మాట వింటే చలికాలం గడుస్తుంది, వినకపోయినా గడుస్తుందనుకో."

తెక్లా సూప్ వైపు చూడలేదు. తన పాత కోటు తొడుక్కుని గుమ్మం దాటేసింది.

షెడ్డులో మీట వేస్తే బల్బు వెలగలేదు. కిటికీ గట్టు మీద చార్జరు నల్లగా, చచ్చిన కాకిలా ఉంది.

"లైను పోయినట్టుంది," అంటూ వాసిల్ గోడ మీది పెట్టె తెరిచి, కిందికి పడిపోయిన మీటని పైకి కొట్టాడు. బల్బు భగ్గున వెలిగింది. చార్జరులో ఎర్ర దీపం మినుకుమినుకుమంది. "చూశావా, ఒక్క నిమిషం పని. దీనికోసం నువ్వు..."

"పీకెయ్! పీకెయ్ దాన్ని!"

వాసిల్ కదిలేలోపే తెక్లా ఒక్క అంగలో వెళ్ళి చార్జరు ప్లగ్గు పట్టుకుని లాగేసింది. దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది.

"గడ్డకట్టిన బ్యాటరీకి కరెంటిస్తే పేలుతుందట," అంది ఊపిరి అందాక. "పుస్తకంలో ఉంది. మీ అన్నా చెప్పేవాడు. ముందు తెరిచి చూడు."

వాసిల్ గుడ్డ తొలగించి, ముందు మూత ఎత్తాడు. చూడగానే తెలిసిపోయింది. బ్యాటరీ పక్కలు రెండూ నిండు కడుపులా ఉబ్బి ఉన్నాయి. ఒక మూత పైకి లేచి, దాని కింద మంచు తెల్లగా పొడుచుకొచ్చింది. వాసిల్ ఈల వేయబోయి ఆగిపోయాడు.

"అసలు లైనెందుకు పోయింది?" అన్నాడు. బయటికెళ్ళి స్తంభం చుట్టూ మంచుని కాలితో తన్నుతున్న చప్పుడు వినపడింది. తిరిగొచ్చేసరికి చేతిలో నారింజరంగు తీగ ఉంది, గట్టిగా, కర్రలా బిగుసుకుపోయి.

"ఇది నాదే," అన్నాడు. "ఆ రాత్రి మర్చిపోయి వెళ్ళాను. పావ్లినా ఇల్లంతా వెతికించింది." తీగ వైపు, గోడ మీది పెట్టె వైపు, కారు వైపు చూశాడు. "స్తంభానికి అప్పటికే పావ్లినా వాళ్ళ అన్న బండి తగిలించి ఉంది. నేను రెండోవాణ్ణి. బళ్ళు వేడెక్కాక లైను పడిపోయుంటుంది. ఏటా మెత్రో అరిచేవాడు కదా. ఎవరూ అరవలేదని..."

 ఫర్వాలేదు అనాలి, అలాంటప్పుడు ఎవరైనా అదే అంటారు. తెక్లా నోట్లోంచి ఆ మాట రాలేదు.

పక్క సీట్లోకి వంగి తాళం తిప్పింది. ఏమీ కాలేదు. గడియారం నల్లగా ఉంది. సీటు స్టీరింగు దగ్గర, పవిత్ర భోజనానికి ముందు ఆదివారం ఆమె తోసేసినచోటే, పిల్లాడి సీటులా ఉంది.

"సరే," అన్నాడు వాసిల్, తీగ పక్కన పడేసి. "అయిందేదో అయింది. నా దగ్గర కొత్త బ్యాటరీ ఉంది, ట్రాక్టరుకని కొన్నది. ఇది పీకేసి అది పెడతాను. పది నిమిషాలు."

"పీకకుండా పెట్టలేవా?"

"పీకకుండా ఎలా పెడతారు?"

"పక్కన పెట్టి, తీగలతో కలిపితే? ఒక్క క్షణం కూడా కరెంటు ఆగకుండా. తర్వాత పాతది తియ్యొచ్చు."

"అదీ చార్జి ఎక్కించడమేగా వదినా! ఇందాక నువ్వేగా పేలుతుందన్నావు?"

"అన్నాను."

"మరి?"

తెక్లా చేతితొడుగులు విప్పి మళ్ళీ తొడుక్కుంది. డెబ్బై నాలుగేళ్ళ వయసులో, మరిది ముందు, ఇలాంటి మాట చెప్పాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు. నేల చూస్తూ చెప్పింది. ఒకటో నంబరు మీట గురించి, చప్పుడు గురించి, ఆదివారాల గురించి, మళ్ళీ ముందుకి తోసెయ్యడం గురించి చెప్పింది.

"వెనకే ఉంచేసి ఉంటే సరిపోయేది," అంది. "సీటు అక్కడే ఉండేది. బ్యాటరీ చచ్చినా, బతికినా. ప్రతివారం రావాలని నేనే ప్రతివారం పంపేశాను."

వాసిల్ నవ్వలేదు.  తర్వాత బండిలోంచి మీటరు తెచ్చి బ్యాటరీకి ఆనించాడు. ముల్లు నాలుగు దగ్గర వణికింది.

"పన్నెండు వోల్టులు ఉండాలి. నాలుగుంది. నాలుగుతో కారుకి ఇంకా ఏమైనా గుర్తుందో లేదో నాకు తెలీదు వదినా. ఉండొచ్చు. లేకపోనూ వచ్చు."

"ఉండొచ్చు," అంది తెక్లా.

"పీకితే మాత్రం ఖాయంగా పోతుంది."

"అవును."

 వాసిల్ కొత్త బ్యాటరీ తెచ్చి కారు పక్కన చెక్క మీద పెట్టాడు. బ్యాటరీలని కలిపే లావు తీగలు రెండూ చుట్ట విప్పాడు. ఎర్రది కొత్తదానికి పట్టించాడు. రెండో కొసని చేత్తో పట్టుకుని, ఉబ్బిన బ్యాటరీ మీదికి వంగాడు. టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"నువ్వు బయటికెళ్ళు."

"కళ్ళకి ఏమైనా పెట్టుకో."

"ఏం పెట్టుకోను, పెళ్ళినాటి కళ్ళద్దాలా? వెళ్ళు వదినా. తలుపు వేసుకో."

తెక్లా తలుపు దాకా వెళ్ళింది. తలుపు మీద చెయ్యి వేసి వెనక్కి చూసింది. బల్బు కింద వాసిల్ ముఖం ఒక పక్కే కనపడుతోంది. నుదురు మాత్రం అచ్చంగా మెత్రోది. ఇంతకాలం ఆ పోలిక ఆమె గమనించనేలేదు. ఆ నుదురు కింద రెండు కళ్ళు, బ్యాటరీకి జానెడు దూరంలో. ఇంటి దగ్గర పావ్లినా రెండోసారి పొయ్యి మీద సూప్ పెట్టి, బండి చప్పుడు కోసం వింటూ ఉంటుంది.

నాలుగు దగ్గర వణికిన ముల్లు గుర్తొచ్చింది. అందులో మెత్రో ఉండొచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని, నోరు మూసుకుని తలుపు వేసుకుంటే చాలు.

"వద్దు," అంది.

"ఏమయింది?"

"వద్దు, వాసిల్. తీగ కింద పెట్టు. పాతది పీకెయ్."

"నేను చేస్తానంటున్నా కదా. నావల్లేగా ఇదంతా..."

"పీకెయ్ అంటున్నాను! నాకు ఒకరు పోయారు, చాలు."

వాసిల్ తీగ పక్కన పెట్టాడు. పానాతో ముందు ఒక బోల్టు, తర్వాత ఇంకోటి వదులు చేశాడు. తీగ కొసని పట్టి పైకి లేపాడు. ఏదో ఒక చప్పుడవుతుందనుకుంది తెక్లా. ఏమీ కాలేదు. తీగ ఊడింది, అంతే.

కొత్తది బిగించగానే లోపలి దీపం వెలిగింది. గడియారంలో పన్నెండు, రెండు సున్నాలు ఆరుతూ వెలుగుతూ నిలబడ్డాయి. తెక్లా పక్క సీట్లో కూచుని ఒకటో నంబరు నొక్కింది. లోపలెక్కడో టక్కుమంది. సీటు కదల్లేదు. మళ్ళీ నొక్కింది. టక్కు. ఇంకా గట్టిగా, వేలి గోరు తెల్లబడేదాకా నొక్కింది.

"ఆగు," అన్నాడు వాసిల్. "చేత్తో పెట్టుకోవచ్చు కదా. నేను కూచుంటాను, నువ్వు చెప్పు. పెట్టాక మళ్ళీ గుర్తు చేయిద్దాం."

పొట్టి మనిషి ఆ సీట్లో కూచుని, మీట పట్టుకుని వెనక్కి వెళ్ళాడు. కాళ్ళు గాల్లోకి లేచాయి.

"ఇక్కడా?"

"ఇంకొంచెం."

"ఇక్కడా?"

"ఏమో... ఎక్కువైంది."

"నేను చూశాను వదినా, మెత్రో మోకాలు స్టీరింగుకి ఒరుసుకునేది."

"ఒరుసుకునేది కాదు. చెయ్యి దూరేంత సందుండేది."

"సరే, సందుంది. ఇక్కడా?"

 అప్పుడే ఆమెకి తెలిసింది, తనకి తెలియదని. పది, పదకొండు ఆదివారాలు పక్కనే కూచుంది. ఒక్కసారైనా కళ్ళు తెరిచి సీటు ఎక్కడ ఆగిందో చూడలేదు. విన్నది అంతా చప్పుడే.

"మొదటికి తీసుకెళ్ళు," అంది. "స్టీరింగు దాకా. అక్కణ్ణుంచి ఆగకుండా వెనక్కి రా. నేను వింటాను."

కళ్ళు మూసుకుంది. మోటారు మోగింది. చలికి బిగుసుకుపోయి నెమ్మదిగా, బొంగురుగా, ముసలి గొంతులా మోగింది. అది ఆమె విన్న పాట కాదు. "ఆపు," అంది. కళ్ళు తెరిచి చూస్తే మరీ ముందున్నాడు. మళ్ళీ చేశారు. ఈసారి మోటారు కాస్త వేడెక్కి తొందరగా వెళ్ళింది, మరీ వెనక్కి పోయింది. మళ్ళీ. మళ్ళీ. వాసిల్ మీసాల మీద ఊపిరి గడ్డకట్టింది. అయినా ఆపలేదు. అయిదోసారి, పదోసారి. "ఇది? వదినా, ఇది? పోనీ ఇది?" అంటున్నాడు. పెదాలు నీలంగా మారాయి. గాల్లో వేలాడుతున్న బూట్లు వణుకుతున్నాయి.

"నువ్వు ఒక్కమాట చెప్పు చాలు," అన్నాడు. "నేను ఇక్కడే ఉంటాను. రేపు కూడా వస్తాను. అది దొరికేదాకా వస్తాను."

అతని కళ్ళ నుంచి కారిన నీళ్ళు బుగ్గల మీదే గడ్డకడుతున్నాయి. తుడుచుకోవడం తెలియనట్టు వాసిల్ మీట నొక్కుతూనే ఉన్నాడు. సీటు ముందుకి, వెనక్కి, ముందుకి.

తెక్లా అతని మోచేతి మీద చెయ్యి వేసింది.

"ఇదే," అంది.

వాసిల్ ఆగాడు. "ఇదా? నిజంగా?"

"ఇదే. ఇక కదపకు."

"నిజంగానా వదినా? ఒకసారి కళ్ళు మూసుకుని చూడు."

మూసుకుంది. "ఇదే," అంది.

వాసిల్ గుర్తుమీట, ఒకటో నంబరు కలిపి నొక్కాడు. కారు కూత పెట్టింది, ఒప్పుకున్నట్టు. అతను దిగాక తెక్లా సీటుని ఎప్పటిలా ముందుకి తోసేసింది. తర్వాత వాసిల్ చార్జరు తగిలించాడు. ఎరుపు పోయి పచ్చ వచ్చేదాకా అక్కడే నిలబడి, తెక్లా ఇంట్లోకి వచ్చి రెండు గిన్నెల సూప్ తాగాడు. తాగుతున్నంతసేపూ ఒకటే మాట: "అన్న ఉండి ఉంటే నా వీపు విమానం మోత మోగేది."

మరుసటి ఆదివారం చర్చిలో ప్రార్థన అవగానే, వాసిల్ తన బండిని తెక్లా బండి వెనకే పోనిచ్చి ఆమె వాకిట్లో ఆపాడు. చర్చికి వేసుకున్న సూటు మీదే వచ్చాడు. షెడ్డు తలుపు తీసి, కారు మీది గుడ్డ మడిచి, ఆమె కోసం పక్క సీటు తలుపు పట్టుకున్నాడు.

"కూచో వదినా. నేను నొక్కుతాను."

"నువ్వెందుకు? చలి. పావ్లినా చూస్తూ ఉంటుంది."

"చూడనీ. కూచో."

తెక్లా కూచుంది. వాసిల్ అటువైపు నుంచి వంగి, ఒకటి నొక్కాడు. మోటారు సన్నగా మోగింది. సీటు వెనక్కి బయల్దేరింది. ఈసారి తెక్లా కళ్ళు మూసుకోలేదు. అంగుళం అంగుళం వెళ్తుంటే చూస్తూనే ఉంది. వెళ్ళింది, వీపు వాల్చింది, ఆగింది. ఆ చోటు ఎవరిదీ కాదు. మెత్రోది కాదు, వాసిల్‌ది కూడా కాదు. పుట్టని మనిషి ఎవరికో తగిన కొలత అది.

వాసిల్ సీటు వైపు చూడటం లేదు. ఆమె ముఖమే చూస్తున్నాడు.

"అన్నేనా?" అని అడిగాడు మెల్లగా.

"మీ అన్నే," అంది తెక్లా.

వాసిల్ తలూపాడు. చేతితొడుగుతో ముక్కు తుడుచుకున్నాడు.  గోడల సందుల్లోంచి చలి వస్తోంది. తర్వాత అతనే మళ్ళీ వంగి, పక్క మీట పట్టుకుని, సీటుని జాగ్రత్తగా ముందుకి, స్టీరింగు దాకా జరిపాడు.

"వచ్చే ఆదివారానికి," అన్నాడు.